సముద్రానికి తిన్నగా వేసిన తోట

మా నాన్నతో ప్రయాణమంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లుమంట. బస్సు రావడానికి గంట ముందే వెళ్లి నిలబడాలి. కిటికీ పక్క సీటు ఆయనకే కావాలి. దారిలో కనిపించిన ప్రతి చెట్టునూ చూపించి "ఇదేంటి? చెప్పు" అంటారు. తప్పు చెబితే దిగేదాకా మొహం ముడుచుకుని కూర్చుంటారు. ఫారెస్టు గార్డుగా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. చెట్ల పేర్లు తెలియనివాళ్లకు అన్నం ఎలా సహిస్తుందో ఆయనకు అర్థం కాదు. అటువంటాయన మొన్న డిసెంబరులో విజయవాడ భవానీపురంలో బయలుదేరింది మొదలు చల్లపల్లి దాకా ఒక్క చెట్టు పేరు కూడా అడగలేదు. అడిగితే బాగుండునని నేను మొదటిసారి అనుకున్నాను.

తిరిగొచ్చి నెల దాటింది. ఆఫీసులో అందరూ "దివిసీమ వెళ్లొచ్చావటగా, ఎట్లా ఉంది?" అని అడుగుతున్నారు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. రోజంతా మాట్లాడటమే ఉద్యోగం, నోరెక్కువని పేరు కూడా ఉంది. అయినా ఆ ప్రశ్నకు "ఆ, వెళ్లొచ్చాం" అని ఊరుకుంటున్నాను. వెళ్లనివాళ్లకు చెప్పాలంటే ఇలా కూర్చుని రాయడమే నయమనిపించింది.

మేం వెళ్లింది సముద్రపొడ్డున ఉన్న ఒక ఊరికి. అసలు పేరు రాయను. డెబ్బై ఏడు నవంబరు ఉప్పెన తర్వాత పేపర్లలో ఆ పేరు చాలా నలిగింది. మిగిలిన ఆ కాసిని కుటుంబాలనూ వాళ్ల మానాన వదిలేయడం మంచిది. ఇసకపాలెం అనుకోండి. ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఇసక దిబ్బల మీద ఒక సరుగుడు తోట ఉంది. పేరుకే తోట, చూస్తే అడవి. తనంతట తాను మొలిచింది కాదు. మా నాన్న దగ్గరుండి ఒక్కొక్క మొక్కా నాటించారు.

ఉప్పెన వచ్చిపోయిన కొన్ని నెలలకు, అక్కడ బట్టలు పంచి వచ్చిన మా చర్చి ఆయన ఒకరు ఇంటికొచ్చి, నాన్న సంతోషిస్తారని ఒక మాట చెప్పారు. "మీ తోట గట్టిదండీ సామ్యూలు గారూ! దాని వెనకున్న ఇళ్లు కొన్ని నిలబడ్డాయి. తోట మధ్య బాటలున్నాయి చూడండి, వాటికి ఎదురుగా ఉన్నవి మాత్రం తుడిచిపెట్టుకు పోయాయి." ఆయన కాఫీ తాగి వెళ్లిపోయారు. నాన్న ఆ పూట అన్నం తినలేదు. ఆ బాటలు పెట్టించింది కూడా నాన్నే.

అప్పటినుంచీ ఆయనకు ఒకటే ధ్యాస. "నీళ్లు నా బాటల్లోంచే వచ్చాయా?" అంటారు. "ఆ రోజు సముద్రమే లేచి ఊళ్ల మీదికొచ్చింది నాన్నా, దాని ముందు మీ బాటలెంత!" అని నేను చెప్పని రోజు లేదు. వినరు. మనిషి సగమైపోయారు. చివరికి, "అక్కడ బతికి బయటపడ్డవాళ్లని అడుగుతాను. వాళ్లు ఏమంటే అదే" అన్నారు. ఎవరో ఒకరిచేత "మీ తప్పేం లేదండీ" అనిపించి, ఆ ఒక్క మాటతో ఆయన్ను ఇంటికి తెచ్చుకుందామని నేను నాలుగు రోజులు సెలవు పెట్టాను.

పామర్రు

కంకిపాడు దాటిన దగ్గర్నుంచీ రెండువైపులా కోతలే. కోసిన పనలు ఒకచోట, వేసిన కుప్పలు ఒకచోట. బస్సంతా కొత్త గడ్డి వాసన. పక్క సీట్లో ఉయ్యూరులో ఎక్కినావిడ ఒళ్లో కోడిపెట్టను పెట్టుకుని, నా ఉద్యోగం, జీతం, చీర ధర అన్నీ అడిగి తెలుసుకుంది. ఇరవై రెండు రూపాయలని చెబితే "మోసపోయావమ్మా" అని తేల్చేసింది. మామూలప్పుడైతే ఆవిడతో పామర్రు దాకా వాదించేదాన్ని. ఆ రోజు ఓపిక లేదు.

పామర్రులో భోజనానికి దిగాం. సెంటర్లో చిన్న హోటలు, అరిటాకు భోజనం రెండు రూపాయలు. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, ఆ పైన ఉలవచారు, అందులో వేసుకోవడానికి మీగడ. విజయవాడలో ఇంకో అర్ధరూపాయి ఎక్కువిచ్చినా ఉలవచారును నీళ్లలా పోస్తారు. ఇక్కడిది చేతికి అంటుకుంటే కడిగినా వదల్లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత దిగుల్లోనూ నేను రెండుసార్లు వేయించుకున్నాను. నాన్న ఆకులో అన్నం అలాగే ఉంది.

"పెద్దాయన తినట్లేదేంటండీ? ఉలవచారు పడదా?" అని హోటలాయన వచ్చి నిలబడ్డాడు. భారీ మనిషి, భుజాన తువ్వాలు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"అయ్యో, ఇప్పుడెళితే ఏం కనపడుద్దండీ! ఏడాది కిందట వెళ్లాల్సింది. లారీలు మాట్టాడుకుని మరీ వెళ్లొచ్చారు జనం, చూట్టానికి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మేం తిరునాళ్లకి వెళ్లట్లేదండీ. తెలిసినవాళ్లని పలకరించడానికి వెళ్తున్నాం" అన్నాను, హోటలంతా తిరిగి చూసేలా.

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "తప్పుగా అనుకోమాకమ్మా" అన్నాడు. "నేనూ వెళ్లాను. పులిహోర పొట్లాలు కట్టించి మొదటి లారీ పంపితే, దారి లేక వెనక్కొచ్చింది. రెండోది నేనే ఎక్కి తీసుకెళ్లాను. తీసుకెళ్తే, తినేవాళ్లేరీ?" ఇంకేదో చెప్పబోయి తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికెళ్లాడు. నాన్న ఆకులో గడ్డపెరుగు తనే తెచ్చి వేశాడు, దానికి డబ్బు తీసుకోలేదు. నాన్న ఆ పెరుగన్నం మాత్రం తిన్నారు. నా నోరు ఎప్పుడూ ఇంతే, ముందు లేస్తుంది, తర్వాత ఏడుస్తుంది.

చల్లపల్లి

చల్లపల్లిలో ఆ పూట మార్తమ్మ గారింట్లో ఉన్నాం. నాన్నతో కలిసి పనిచేసిన ఇంకో గార్డు భార్య ఆవిడ. భర్త పోయి పదేళ్లైంది. రిక్షా అతను దారిలో కోట చూపిస్తానని సరదాపడ్డాడు గానీ నాన్న "వద్దు, ఇంటికి పోనియ్" అన్నారు.

మార్తమ్మ గారు మమ్మల్ని చూసి పొంగిపోయారు. పెసరట్లు పోస్తూనే నాన్న పాత ప్రతాపాలన్నీ నాకు చెప్పారు. "మీ నాన్నంటే కూలీలకి ప్రాణం తెలుసా? మిగతా గార్డులు గట్టు మీద గొడుగేసుకుని కూర్చునేవాళ్లు. ఈయన వాళ్లతో పాటు నీళ్లకుండ పట్టుకునేవాడు. మా ఆయనైతే 'నీ వల్ల మా పరువు పోతోందయ్యా' అని పోట్లాడేవారు" అన్నారు. నాన్న వరండాలోకి లేచి వెళ్లిపోయారు. నేను వెనకే వెళ్లాను. ఆ సాయంత్రం ఆ వరండాలో కూర్చుని, ఆ తోట కథ మొదట్నుంచీ నాకు చెప్పారు. అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా విన్నదే.

స్వరాజ్యం వచ్చిన ఏడెనిమిదేళ్లకు ఆయన్ను ఇసకపాలెం వేశారట. అప్పుడక్కడ చెట్టన్నది లేదు. వేసవి వస్తే సముద్రపు గాలి దిబ్బల్ని తోసుకొచ్చి ఊరి మీద పోసేది. పొద్దున్నే తలుపు తీయాలంటే ముందు పార కావాలి. అన్నంలో ఇసక, పాలలో ఇసక, పసిపిల్లల చెవుల్లో ఇసక. రెండు వీధులు అప్పటికే దిబ్బ కిందికి వెళ్లిపోయాయి. అందుకని ప్రభుత్వం సరుగుడు నాటమంది.

సరుగుడు బతకాలంటే మొదటి రెండు మూడు వేసవులు మొక్క మొక్కకీ నీళ్లు పోయాలి. ఆ ఇసకలో లోతుగా తవ్వితే ఉప్పునీళ్లు వస్తాయి. పైపైన పెద్ద గొయ్యి తీస్తే వాననీటి ఊట, తియ్యటి నీళ్లు వస్తాయి. దాన్ని దొరువు అంటారు. దొరువులన్నీ ఊరివైపే తవ్వారు, సముద్రం దగ్గరైతే అవీ ఉప్పే. అక్కణ్ణించి ఆడకూలీలు మెడకు తాడు కట్టిన కుండలు రెండు చేతులా ముంచుకుని, కాలే ఇసకలో నడిచి మొక్కలకు పోసేవాళ్లు. రోజంతా అదే పని.

"పై ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో వరసలు ఎట్లా వేయాలో గీసి ఉంది" అన్నారు నాన్న. "గోడకి ఇటికలు పేర్చినట్టు. ఒక వరసలో సందు ఉన్నచోట వెనక వరసలో మొక్క రావాలి. ఎటునుంచి చూసినా అవతలివైపు కనపడకూడదు. నేను అట్లాగే మొదలుపెట్టాను. కానీ అట్లా వేస్తే నీళ్లు మోసేవాళ్లకి దారి ఉండదు. ప్రతి మొక్కనీ చుట్టుకుంటూ నడవాలి. నాంచారమ్మని ఒక పిల్ల ఉండేది, నెలలు నిండుతున్నాయి దానికి. పని మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. ఒకరోజు కుండలు పడేసి ఇసకలో కూలబడిపోయింది. 'అయ్యగారూ, బాట తిన్నగా పెట్టించండి, ఈ వంకర నడక నడవలేకపోతున్నా' అని ఏడ్చింది. మర్నాడు తాడు పట్టించి వరసలు మార్చాను. దొరువు దగ్గర్నుంచి సముద్రం దాకా తిన్నగా పన్నెండు బాటలు. ఆడవాళ్లకి సగం నడక తగ్గింది. మొక్కలు ఒక్కటీ చావలేదు. నాకు మంచి పేరొచ్చింది."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"కొన్నాళ్లకి ఒక ముసలి రేంజరు గారు చూడటానికొచ్చారు. బాట మొదట్లో నిలబడి, నవ్వి, 'సముద్రానికి దారి వేశావేంటయ్యా' అన్నారు. నేనూ నవ్వాను. ఆ మాటే మర్చిపోయాను. ఇరవై ఏళ్లు మర్చిపోయాను."

లోపల్నుంచి మార్తమ్మ గారు ఇంకో అట్టు వేయనా అని అడుగుతున్నారు. నేను నాన్న పక్కనే కూర్చుండిపోయాను. 

పాయ దాటాక

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అవనిగడ్డ దాకా బాగానే ఉంది, అక్కడక్కడా కోతలు కూడా కనిపించాయి. దిగువకు వెళ్లేకొద్దీ పొలాల రంగు మారింది. గట్ల మీద ఉప్పు పేరి తెల్లగా ఉంది. కొన్ని చేలల్లో గడ్డి కూడా మొలవలేదు. తాటిచెట్లు మొండేలుగా నిలబడి ఉన్నాయి, తలలు లేవు. బస్సులో పామర్రు దాకా ఉన్న మాటలు ఇక్కడ లేవు. ఎక్కినవాళ్లు ఎక్కుతున్నారు, దిగినవాళ్లు దిగుతున్నారు, ఎవరూ ఎవర్నీ ఏ ఊరని అడగడం లేదు. ఈ జిల్లాలో అటువంటి బస్సు నేనెన్నడూ ఎక్కలేదు.

బస్సు ఆగిపోయే చోట టీ బడ్డీ ఉంటే టీ తాగాం. ఒక గుక్క తాగి ఉమ్మేశాను. "ఏవయ్యా, ఇందులో పంచదార వేశావా ఉప్పు వేశావా?" అన్నాను.

బడ్డీ అతను నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నీళ్లే అట్టా ఉన్నాయండీ. ఏడాదైంది. మేం అలవాటు పడ్డాం. పంచదార ఇంకో చెంచా వేత్తాను, ఇటివ్వండి" అన్నాడు. ఉప్పు తగలకుండా తాగడానికి అతను చెప్పిన కిటుకు, గుక్క గుక్కకీ మధ్య బెల్లం ముక్క చప్పరించడం. టీ పదిహేను పైసలు, బెల్లం ముక్క ఊరికే. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా తలెత్తలేదు.

పక్కన కూర్చున్న మనిషిని, సముద్రం ఇంత దగ్గరుండి చేపల బుట్ట ఒక్కటి కనపడలేదేమని అడిగాను. ఉప్పెన తర్వాత చాలా రోజులు ఆ ఊళ్లల్లో ఎవరూ చేప ముట్టుకోలేదట. ఇప్పుడు కొందరు తింటున్నారు, కొందరు ఇక జన్మలో తినమన్నారట. ఎందుకని అడగబోయాను. నాన్న నా చెయ్యి నొక్కారు. అప్పుడు అర్థమైంది, సముద్రం ఎంతమందిని లోపలికి లాక్కుపోయిందో.

ఇసకపాలెం

అక్కణ్ణించి రెండు మైళ్లు నడక. ఇసకలో నా చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, నాన్న వెనక కాళ్లీడ్చుకుంటూ నడిచాను. దూరంనుంచే తోట హోరు వినపడుతుంది. సరుగుడాకుల్లో గాలి ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. సముద్రపు వైపు చెట్లు చాలా విరిగి పడ్డాయి. ఊరివైపువి ఒరిగాయి గానీ బతికే ఉన్నాయి. ఆ చెట్ల చాటున నాలుగైదు ఇళ్లు, గోడలు పగిలి, కొత్త కప్పులతో. మిగతా ఊరికి కాస్త లోపలగా వరసగా గదులు కట్టిచ్చారు.

నాన్న వాటివైపు వెళ్లలేదు. తిన్నగా ఒక బాట మొదట్లోకి వెళ్లి నిలబడ్డారు. నేనూ పక్కన నిలబడ్డాను. ఇరుపక్కలా చెట్లు, మధ్యలో ఎడ్లబండి పట్టేంత సందు. ఆ చివర సముద్రం కనపడుతోంది. అలలు విరగడం కూడా కనపడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే, బాటకు ఎదురుగా ఏమీ లేదు. ఇసక, దాంట్లో ఒక రుబ్బురోలు. నాన్న రెండో బాట దగ్గరికి నడిచారు. అక్కడా అంతే. మూడో దాని దగ్గరికి వెళ్తుంటే నేను "చాలు నాన్నా" అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని వెళ్లారు. పన్నెండూ చూశారు.

తోట చివర కొత్తగా మొక్కలు నాటుతున్నారు. అక్కడున్న గార్డు ముప్ఫై ఏళ్లవాడు. నాన్న పేరు వినగానే చేతులు జోడించాడు. "మీరేనా సార్! మీ తోట లేకపోతే ఆ నాలుగిళ్లు కూడా మిగిలేవి కావు. మా వాళ్లందరూ మీ పేరే చెబుతారు" అన్నాడు. ఆ మాట కోసమే నేను ఇంత దూరం వచ్చాను. నాన్న విన్నట్టే లేరు. వంగి కొత్త మొక్కల వరసలు చూస్తున్నారు. ఇటికలు పేర్చినట్టు, ఒకదాని సందులో ఒకటి, కాగితంలో ఉన్నట్టే వేశాడు ఆ అబ్బాయి.

నీళ్లు పోస్తున్న ఆడవాళ్లు అప్పుడే కుండలతో వచ్చారు. ఒకావిడ మొక్కలన్నీ చుట్టుకుని తిరిగొచ్చి, రొప్పుతూ గార్డుతో అంది. "ఏం వంకర దారులయ్యా ఇయ్యి! పాత తోటలో బాటలు తిన్నగా ఎంత బాగుండేయో! అట్టా పెట్టించరాదూ?"

"అట్టా కుదరదమ్మా" అన్నాడు గార్డు.

"నీకేం, కుండ మోసేది నువ్వా? ఎనకటి గార్డయ్య అయితే ఎంటనే మార్పించాడంట."

నాన్న మొహం చూడలేక నేను పక్కకు తిరిగాను. వాళ్ల వెనకే ఇంకొకావిడ వస్తోంది. నలభై అయిదుకి మించవు, జుట్టంతా తెల్లబడింది. రెండు చేతులా కుండలు. నాన్నను చూసి ఆగిపోయింది. కుండలు ఒలక్కుండా మెల్లగా కింద పెట్టి, కొంగు సర్దుకుని, "గార్డయ్యగారా!" అంది.

ఆవిడే నాంచారమ్మ.

నాంచారమ్మ ఇంట్లో

భోజనం చేసిగానీ కదలనివ్వనంది. కట్టిచ్చిన గదుల్లో చివరిది ఆవిడది. ఒక మంచం, రెండు గిన్నెలు, గోడకు గూట్లో ఒక దేవుడి పటం. ఒక్కతే ఉంటుంది. ముతక బియ్యం అన్నం, చింతపండు చారు, ఎండుమిరపకాయలు నూరిన పచ్చడి. మా ఇంట్లో ఎవరైనా వస్తే నలుగురం కలిసి కూర్చుని తింటాం. అక్కడ ఇంటావిడ ముందు కూర్చోదు, వచ్చినవాళ్లు తినేదాకా విసురుతూనే ఉంటుంది. తాటాకు విసనకర్రతో నాన్నకు విసురుతూ ఆవిడే మొదలుపెట్టింది.

కొడుకు, కోడలు, వాళ్లకు పుట్టిన ఆరు నెలల పిల్ల. ఇల్లు నాలుగో బాటకు ఎదురుగా ఉండేదట. నీళ్ల పనికి దగ్గరని మొగుడు బతికున్నప్పుడే అక్కడ కట్టుకున్నారు. ఆ రోజు ఈవిడ తోటలో ఎండుపుల్లలు ఏరుకోవడానికి పోయింది. గాలి ముదిరితే తిరిగి రాలేక ఒక చెట్టెక్కి దాన్ని కావిలించుకుంది. "నేను నీళ్లు పోసిన చెట్టే నన్ను పట్టుకుందండీ. నన్నెందుకు పట్టుకుందో, దానికే తెలియాలి" అంది.

నాన్న ముద్ద చేతిలోనే ఉంది. "నాంచారమ్మా, నిన్నొక మాట అడుగుదామని వచ్చాను" అన్నారు.

"ముందు నన్నడగనివ్వండి అయ్యగారూ. మీరు ఇంక రారేమో, అడక్కుండానే పోతానేమో అనుకున్నా." విసనకర్ర ఆగింది. "ఆ బాటలు నేనడిగితేనే కదా మీరు మార్పించింది? వాణ్ణి కడుపులో పెట్టుకుని, నడవలేక, ఆ ఇసకలో కూలబడి నేను ఏడిస్తేనే కదా? నీళ్లు బాటమ్మటే వచ్చినియ్యండీ. చెట్టు మీంచి నేను చూశా. చెట్లల్లో పడి వచ్చేది ఇరిగి ఇరిగి వస్తంది. బాటలోది మాత్రం గోడ మాదిరి లేచి పరిగెత్తింది. తిన్నగా నా ఇంటి మీదికే. నేను ఆ రోజు నోరు మూసుకుని వంకర దారినే నడిచుంటే, నా కొడుకు బతికేవాడు కదా అయ్యగారూ? నేనే చంపుకున్నాను కదా?"

మేం అడగడానికి వచ్చినదానికి జవాబు అడక్కుండానే వచ్చేసింది. నాన్నను అక్కణ్ణించి లేవదీసి లాక్కుపోవాలనిపించింది.

నాన్న ముద్ద ఆకులో పెట్టారు. నేనెప్పుడూ వినని కసురుగొంతుతో అన్నారు. "పిచ్చిదానా! నువ్వడిగితే మార్చడానికి అది నా సొంత తోటా? ఆ మర్నాడే పై ఆఫీసునుంచి కాగితం వచ్చింది. బాటలు తిన్నగా పెట్టమని. నువ్వు ఏడ్చినా ఏడవకపోయినా అట్టాగే పెట్టేవాణ్ణి."

"కాగితమా?"

"కాగితం. గీసి మరీ పంపారు."

"ఒట్టేనా అయ్యగారూ?"

మా ఇంట్లో ఒట్టు పెట్టుకోవడం నిషేధం. చిన్నప్పుడు ఆటల్లో ఒట్టేస్తే నా వీపు చిట్లగొట్టిన మనిషి ఆయన. "మా దేవుడి మీద ఒట్టు" అన్నారు.

నాంచారమ్మ విసనకర్ర ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఊపిరాడనంతగా, వంగిపోయి ఏడ్చింది. "ఎన్నాళ్లనుంచి మోస్తన్నానో, ఎన్నాళ్లనుంచి మోస్తన్నానో" అని అదే మాట అంటోంది. నేను లేచి ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఎముకలు చేతికి తగిలాయి. కొంతసేపటికి కళ్లు తుడుచుకుని తలెత్తింది. ఆ మొహంలో ఇప్పుడు ఏడుపు లేదు.

"ఆ కాగితం రాసినోడు ఎవడండీ?"

"ఎవరో. ఎప్పటి మాటో" అన్నారు నాన్న.

"వాడి చేతులు పడిపోను. వాడి కడుపున పుట్టినోళ్లు వాడి కళ్ల ముందే పోను. నా మాదిరే వాడూ ఒక్కడే మిగిలి, అన్నం ముందు కూర్చుని ఏడవాలి."

ఆయనకు పుట్టింది నేనొక్కదాన్నే. నాన్న నావైపు చూశారు. అంతటి చూపు నేను జన్మలో చూడలేదు, మళ్లీ చూడలేను. చూసి, తల దించుకుని, "అవునమ్మా" అన్నారు.

"మీరు దేవుడి మనుషులు. మీ ప్రార్థన గట్టిదంటారు. ఒక్కసారి నా కోసం చెయ్యండి. ఆ కాగితం రాసినోడు బాగుపడకూడదని చెయ్యండి అయ్యగారూ."

"నాన్నా, వద్దు" అన్నాను. "వద్దండీ నాంచారమ్మ గారూ, మేం అట్లా శాపాలు పెట్టం."

"నువ్వూరుకో" అన్నారు నాన్న. చెయ్యి కడుక్కుని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. నాంచారమ్మ ఆయన్ను చూసి తనూ అలాగే కూర్చుంది. నేను మోకరించక తప్పలేదు. ఆయన కళ్లు మూసుకుని, ఆదివారం మా ఇంట్లో చేసేంత స్పష్టంగా, ఒక్క మాట తడబడకుండా చేశారు.

"పరలోకమందున్న తండ్రీ, ఆ బాటలు పెట్టించినవాడు ఎవరో నీకు తెలుసు. ఈ తల్లి కడుపుకోత వాడికి తెలియనివ్వు. వాడి చేతుల బలం తీసెయ్యి. వాడికి ఈ లోకంలో నెమ్మది లేకుండా చెయ్యి. ఈమె మీద మాత్రం ఏ దోషమూ మోపకు. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ."

అక్కడ ఆగారు. చివరి మాట ఆయన అనలేదు. ప్రార్థన చేసినవాడు కాక పక్కనున్నవాళ్లు ఆ మాట అంటేనే అది అందరి ప్రార్థనా అవుతుందని మాలో ఒక పట్టింపు.

"అయిపోయిందా అయ్యగారూ?" అని అడిగింది నాంచారమ్మ.

"ఇంకా లేదమ్మా. అమ్మాయి అనాలి" అన్నారు నాన్న, కళ్లు తెరవకుండానే.

వాళ్లిద్దరూ నా కోసం ఆగారు. నేను ఆమెన్ అన్నాను.